‘పక్షివిశేషము’: తెలుగు శరద్వర్ణనలో కవిసమయం, వాడరేవు తీరంలో వాస్తవం

ప్రవేశిక

ఆలంకారికులు మహాకావ్యానికి విధించిన అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన ఒకటి. ఆ ఋతువర్ణనలో ప్రతి ఋతువుకూ కొన్ని పూలు, కొన్ని గాలులు, కొన్ని పక్షులు నియతమై ఉన్నాయి. వసంతానికి కోకిల, వర్షర్తువుకు నెమలి, చాతకం, శరత్తుకు హంస, చక్రవాకం. తెలుగు కావ్యాలలోని శరద్వర్ణనలను వరుసగా చదివితే ఈ నియమం ఎంత దృఢంగా పాటింపబడిందో తెలుస్తుంది. ఆధునిక విమర్శ ఈ నియతిని రెండు విధాలుగా పరిష్కరించింది. ఒక వర్గం దీనిని సంప్రదాయ గౌరవంగా సమర్థించింది. మరొక వర్గం దీనిని పరిసరాలను చూడని కవుల అనుకరణగా తోసిపుచ్చింది. ఈ రెండు దృక్పథాలలోనూ ఒక ఉమ్మడి ప్రతిపాదన ఉంది. కవిసమయం వేరు, ప్రత్యక్ష పరిశీలన వేరు, అవి పరస్పర విరుద్ధాలు అన్నదే ఆ ప్రతిపాదన. దానిని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు ఆధారభూమిగా గుంటూరు, ప్రకాశం మండలాల పత్తి, మిరప మైదానాన్నీ, దాని తూర్పు అంచున ఉన్న వాడరేవు తీరాన్నీ తీసుకొంటున్నాను. చీరాలకు ఆనుకొని ఉన్న ఈ మత్స్యకార గ్రామం మొదట గుంటూరు జిల్లాలోను, 1970 తరువాత ప్రకాశం జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను ఉంది. జిల్లా పేరు మారుతూ వచ్చినా కార్తికమాసంలో ఈ తీరానికి వచ్చే పక్షుల రాక మారలేదు. ఆ పక్షులలో ఎన్నింటికి మన సాహిత్యంలో చోటు దొరికింది, ఎన్నింటికి దొరకలేదు, ఎందుకు దొరకలేదు అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

కవిసమయం: రాజశేఖరుని నిర్వచనం

కవిసమయాన్ని శాస్త్రీయంగా చర్చించినవాడు కావ్యమీమాంసాకర్త రాజశేఖరుడు. పూర్వ విద్వాంసులు శాస్త్రాలు చదివి, దేశాంతరాలు, ద్వీపాంతరాలు తిరిగి, తాము కనుగొన్న విషయాలను కావ్యాలలో నిబంధించారనీ, తరువాత దేశం మారినా, కాలం మారినా ఆ విషయాలను అట్లాగే నిబంధించడం కవిసమయమనీ ఆయన వివరణ. ఈ వివరణను మన విమర్శ తగినంత శ్రద్ధతో చదవలేదని నా అభిప్రాయం. రాజశేఖరుని దృష్టిలో కవిసమయం పుట్టుక కల్పనలో లేదు, చూపులో ఉంది. ఒకప్పుడు ఒకచోట ఎవరో చూసినది ఇంకొక కాలానికి, ఇంకొక చోటికి మాటగా చేరడమే కవిసమయం. అంటే అది గడ్డకట్టిన పరిశీలన.

ఆయన కవిసమయాన్ని మూడుగా విభజించాడు. లేనిదానిని చెప్పడం, ఉన్నదానిని చెప్పకపోవడం, అనేకచోట్ల ఉన్నదానిని ఒకచోటికే నియమించడం. లేనిదానిని చెప్పడానికి ఆయన ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి, నీరున్న ప్రతిచోటా హంసలున్నట్లు వర్ణించడం. ప్రతి చెరువులోనూ హంస ఉండదని ఆలంకారికుడికి స్పష్టంగా తెలుసు. తెలిసే అనుమతించాడు. మన చర్చలన్నీ ఈ మొదటి విభాగం చుట్టూనే తిరిగాయి. కాని తీరప్రాంత సాహిత్యచరిత్రకు ముఖ్యమైనది రెండవ విభాగం. ఉన్నదానిని చెప్పకపోవడం కూడా ఒక సమయమే, ఒక ఒప్పందమే. దాని ఫలితం ఏమిటన్నది ముందు చూద్దాం.

హంస ఎక్కడిది?

నన్నయ ఆరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో చేసిన శరద్వర్ణన తెలుగులో ఈ విషయానికి తొలి ప్రమాణం. ఆయన రచన అక్కడే ఆగిందని సంప్రదాయం. ఆ వర్ణనలో శరదాగమనం బ్రహ్మ వాహనంతో పోల్చబడి, రాజహంస, పద్మం, ప్రసన్నమైన సరస్సు ఒకే శ్లేషలో కూర్చబడ్డాయి. దీనికి వెనుక వాల్మీకి కిష్కింధాకాండలోని శరద్వర్ణన ఉంది. మేఘదూతంలో క్రౌంచరంధ్రం గుండా మానస సరోవరానికి వెళ్లే హంసలున్నాయి. వానకాలంలో వెళ్లి శరత్తులో తిరిగివచ్చే పక్షిగా హంస స్థిరపడింది.

ఈ పక్షి ఏది? డచ్చి పండితుడు ఫోగెల్ 1962లో భారతీయ సాహిత్యంలో, శిల్పంలో హంసను గురించి వెలువరించిన గ్రంథంలో, ప్రాచీనుల హంస తెల్లని యూరపు స్వాన్ కాదనీ, అడవిబాతు జాతికి చెందిన గూస్ అనీ వాదించాడు. ఆ జాతిలో తలపై రెండు నల్లని చారలుండే బాతు టిబెట్టు, మంగోలియా ప్రాంతాల సరస్సుల దగ్గర పిల్లలను పొదిగి, హిమాలయాలను దాటి శీతకాలానికి భారతదేశం చేరుతుంది. వేసవి మొదలు కాకముందే తిరిగిపోతుంది. వానకాలంలో కనబడకపోవడం, శరత్తులో రావడం, హిమాలయాలకు ఆవలి సరస్సులతో సంబంధం, ఇవన్నీ ఆ పక్షి జీవితంలో నిజాలే. చక్రవాకం కూడా అంతే. తెలుగులో బాపన బాతు అనే పేరున్న కాషాయవర్ణపు బాతు శీతకాలపు అతిథి. పాలనూ నీళ్లనూ వేరుచేయడం, రాత్రి జంట విడిపోవడం వంటివి కల్పనలు కావచ్చు. రాకపోకల కాలం మాత్రం కల్పన కాదు. కవిసమయపు గుండెలో ఒక పరిశీలకుడున్నాడు.

అయితే ఆ పరిశీలకుడు చూసిన ఆకాశం వాడరేవు ఆకాశం కాదు. కావ్యాలలో శరత్తు అంటే మబ్బులు వీడిన ఆకాశం, తేరిన నీరు, వెన్నెల. ఆంధ్రతీరంలో ఆశ్వయుజ కార్తికాలు ఈశాన్య రుతుపవనాల కాలం, తుఫానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుఫాను, రెండూ కార్తికమాసంలోనే వచ్చాయి. పత్తి పగిలి, మిరప చేను పూతపిందెలతో ఉన్నప్పుడు రైతు ఆకాశం వైపు చూసే చూపు నిర్మలాకాశాన్ని ఆస్వాదించే చూపు కాదు. పంచాంగంలోని శరత్తు ఒకటే. అనుభవంలోని శరత్తు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఈ తేడాను శరద్వర్ణన పట్టించుకోకపోవడం ‘ఉన్నదానిని చెప్పకపోవడం’ అనే విభాగానికి మంచి ఉదాహరణ.

ఋతువు, నేల

దీనికి కారణం కవుల అశ్రద్ధ అనడం కంటె, వారు ఎన్నుకొన్న కావ్యశాస్త్రపు కొలత అనడం సమంజసం. సంస్కృత సంప్రదాయం పక్షిని కాలానికి ముడివేసింది. పొరుగునున్న తమిళ సంప్రదాయం పక్షిని నేలకు ముడివేసింది. తొల్కాప్పియం ప్రతి తిణకూ చెందిన కరుప్పొరుళ్లలో దైవం, ఆహారం, జంతువు, చెట్టులతో పాటు పక్షిని కూడా చేర్చింది. సముద్రతీరం నెయ్‌దల్ తిణ. తీరపు పక్షి కనబడగానే అక్కడి ఉప్పుమడి, వల, పడవ, ఎదురుచూపు కూడా పాఠకుని మనసులో మెదులుతాయి. కాలానికి కట్టిన పక్షి ఎక్కడైనా ఎగరగలదు. నేలకు కట్టిన పక్షి ఆ నేలనూ, అక్కడి మనుషుల పనినీ వెంటపెట్టుకొని వస్తుంది. తెలుగు కావ్యం మొదటి పద్ధతిని స్వీకరించింది. అందువల్ల దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న ఆంధ్రదేశంలో తీరపు పక్షికి కావ్యగౌరవం దక్కలేదు. విశ్వనాథ సత్యనారాయణ తన కావ్యానికి ‘తెలుగు ఋతువులు’ అని పేరు పెట్టడంలోని విశేషం ఇక్కడే ఉంది. ఋతువులకు ముందు ‘తెలుగు’ అనే విశేషణం అవసరమైందంటే, అంతకుముందున్న ఋతువులు ఈ నేలవి కావనే స్పృహ ఆ పేరులో ఉన్నట్లే.

శ్రీనాథుని రెండు కలాలు

ఈ చర్చకు పత్తినేలలోనే ఒక ముఖ్యమైన దృష్టాంతం ఉంది. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు శృంగారనైషధంలో హంసను దూతగా, వక్తగా నడిపించాడు. నలుని చేతికి చిక్కిన హంస తన తల్లి వార్ధక్యాన్ని, భార్య స్థితిని చెప్పుకొని విలపించే ఘట్టం పక్షి నోట పలికిన కరుణరసానికి తెలుగులో ఉత్తమ నిదర్శనం. ఆ హంస కొండవీటి చెరువులలోది కాదు. శ్రీహర్షుని కావ్యం నుండి వచ్చింది.

శ్రీనాథునివిగా ప్రచారంలో ఉన్న పలనాటి చాటువులలో దృశ్యం వేరు. అక్కడ నాపరాళ్లు, నాగులేరు, జొన్నకూడు, పాములు, తేళ్లు పేరుపేరునా కనిపిస్తాయి. కర్తృత్వం ఏమైనా, ఆ పద్యాలను ఆయనకే అంటగట్టిన జనశ్రుతిలో ఒక విమర్శ దాగి ఉంది. హంసను పలికించిన కవి నేలను కూడా పలికించగలడని లోకం నమ్మింది. అయితే నేలను పలికించడానికి కావ్యంలో చోటులేక చాటువులో చోటిచ్చింది. అందువల్ల తెలుగులో స్థానిక పరిశీలన లేదనడం సరికాదు. అది ప్రక్రియల మధ్య పంపకమై ఉంది. కావ్యానికి హంస దక్కింది, చాటువుకు తేలు దక్కింది. తీరపు పక్షి రెండింటికీ దక్కలేదు.

రాయల బాతులు: చూపును గురించిన పద్యం

పై పంపకాన్ని కావ్యం లోపలినుండే భగ్నం చేసినవాడు కృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విల్లిపుత్తూరు వర్ణనలోని బాతుల పద్యం సుప్రసిద్ధం. మడుల నడుమ కాలువ ఒడ్డున బాతులు తలలను రెక్కలలో దూర్చి నిద్రిస్తుంటాయి. తలవరులు వాటిని చూసి, తెల్లవారుజామున స్నానంచేసి వెళ్లిన బ్రాహ్మణులు మరచిపోయిన పిడిచిన బట్టల ఉండలనుకొంటారు. వాటిని యజమానుల ఇళ్లకు చేర్చుదామని రేవులో దిగగానే బాతులు పరుగెత్తుతాయి. చేలకు కావలి ఉన్న స్త్రీలు అది చూసి నవ్వుతారు.

ఈ పద్యాన్ని సాధారణంగా భ్రాంతిమదలంకారానికి, స్వభావోక్తికి ఉదాహరణగా బోధిస్తున్నాము. అది సరైనదే, కాని చాలదు. మొదట గమనించవలసినది, రాయలు ఇక్కడ హంస అనలేదు, బాతు అన్నాడు. రెండవది, తలను రెక్కలో దాచుకొని గుండ్రంగా ముడుచుకొన్న బాతును దూరంనుండి చూసినవారికే ఆ పోలిక స్ఫురిస్తుంది. మూడవది అత్యంత ముఖ్యమైనది. ఈ పద్యంలోని వస్తువు పక్షి కాదు, పక్షిని చూడడం. తలవరులు అధికారం గలవారు, సదుద్దేశం గలవారు కూడా. వారు చూసినది పొరపాటు. పొలం కావలి స్త్రీలకు ఏ అధికారమూ లేదు. వారికి తెలిసినది నిజం. వారి నవ్వు ఆ జ్ఞానానికి గుర్తు.

ఇక్కడ పూర్వకావ్యంతో పోలిక అవసరం. శాలిగోపికలు రఘువంశం చతుర్థసర్గంలోని శరద్వర్ణననుండి ప్రసిద్ధులు. కాళిదాసు కావ్యంలో వారు చెరకునీడన కూర్చొని రఘుమహారాజు కీర్తిని గానం చేస్తారు. స్వయంగా మహారాజైన రాయలు ఆ స్త్రీలను తన కావ్యంలోకి తీసుకొని, వారిచేత రాజకీర్తిని పాడించలేదు. రాజోద్యోగులను చూసి నవ్వించాడు. సంప్రదాయం ఇచ్చిన పాత్రలను నిలుపుకొంటూనే వారి పనిని మార్చాడు. కవిసమయాన్ని తిరస్కరించకుండా, దానిలో గడ్డకట్టిన చూపును మళ్లీ కరిగించడమంటే ఇదే. కవిసమయానికీ పరిశీలనకూ విరోధం లేదనడానికి ఇంతకుమించిన ప్రమాణం అక్కరలేదు.

జాషువ: హంసకు అందని వాకిలి

ఇదే మైదానంలోని వినుకొండనుండి వచ్చిన గుఱ్ఱం జాషువ ఈ ప్రశ్నను ఇంకొక దిశగా నడిపించాడు. 1941లో వెలువడిన గబ్బిలం సందేశకావ్య సంప్రదాయంలోనిది. ఆ సంప్రదాయంలో దూతగా మేఘం, హంస, చిలుక వంటివి ఉంటాయి. జాషువ ఎన్నుకొన్నది పక్షిజాతికే చెందని, ఇంట దూరితే అశుభమని లోకం భావించే గబ్బిలాన్ని. ఈ ఎన్నికను ధిక్కారంగా మాత్రమే చదవడం పరిపాటి. దానికి వెనుక కచ్చితమైన పరిశీలన కూడా ఉంది. గబ్బిలం గుడి చూరులో వ్రేలాడుతుంది. దేవాలయప్రవేశం లేని అరుంధతీసుతునికి శివుని చెవిన మాట వేయగలిగిన జీవి నిజంగా అదే. హంస సరస్సులోనే ఉంటుంది, గర్భగుడి దాకా పోదు. జీవి అలవాటును చూడని కవికి ఈ రూపకం తట్టదు. గిజిగాడిపై ఆయన వ్రాసిన ఖండిక కూడా ఈ చూపుకే సాక్ష్యం.

యాదృచ్ఛికమే అయినా ఒక విషయం చెప్పదగినది. భారతీయ పక్షులను సామాన్య పాఠకులకు పరిచయం చేసిన సాలిం అలీ గ్రంథం మొదటి కూర్పు వెలువడినది కూడా 1941లోనే. ఒకటి ఏ పక్షి ఏదో గుర్తించడం నేర్పింది. మరొకటి ఏ జీవికి ఏ వాకిలి తెరిచి ఉందో చూపింది. తెలుగు విద్యార్థి ఈ రెండింటిని ఒకే బల్లమీద ఉంచి చదవవలసిన అవసరం ఇప్పటికీ తీరలేదు.

పేర్లు, నిఘంటువులు, కొత్త కవిసమయాలు

చెప్పబడని పక్షికి ఏమవుతుంది? మొదట దాని పేరు పోతుంది. మన నిఘంటువులలో పక్షినామాల ఎదుట తరచుగా కనబడే అర్థవివరణ ‘పక్షివిశేషము’. ఏ పక్షి, ఎంత పరిమాణం, ఏ కాలంలో వస్తుంది అన్నది ఉండదు. పూరేడు, ఉల్లంకి, పసులపోలిగాడు, కాటుకపిట్ట వంటి పేర్లు వాడుకలో ఉన్నంతకాలం ఆ వివరణ చాలినట్లే కనిపించింది. వాడుక తగ్గిన తరువాత అది సమాధిఫలకం వంటిది. పక్షి ఒకటి ఉండేదని చెబుతుంది, ఏదో చెప్పదు. అవి ఒట్టి సంజ్ఞలు కూడా కావు. పసులపోలిగాడు అనే పేరులో పశువుల వెంట తిరిగే దాని అలవాటు ఉంది, మనిషిని పిలిచినట్లు పిలిచే చనువు ఉంది. కాటుకపిట్ట, అంటే ఖంజరీటం, శరత్తులో మైదానాలకు దిగివచ్చే పక్షి. వరాహమిహిరుని బృహత్సంహితలో దాని తొలిదర్శన ఫలాలకు ఒక అధ్యాయమే ఉంది. కావ్యాలలో అది నాయిక కన్నులకు ఉపమానంగా మాత్రమే మిగిలింది. విజయదశమినాడు పాలపిట్టను చూడాలనే ఆచారం మాత్రం పక్షిదర్శనాన్ని నేటికీ జనజీవితంలో నిలిపి ఉంచింది.

కలివికోడి చరిత్ర ఈ విషయంలో కనువిప్పు. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ 1848లో శాస్త్రలోకానికి తెలియజేసిన ఈ పక్షి అంతరించిందని దీర్ఘకాలం భావించారు. 1986లో కడప జిల్లాలో అది మళ్లీ కనబడింది. శాస్త్రంలో అది జెర్డన్ పేరిట ఉంది. తెలుగు పేరు మాత్రం కలివిపొదల మధ్య తిరిగే దాని ఉనికిని చెబుతున్నది. పక్షిని వెదకవలసిన చోటు ఆ పేరులోనే ఉంది.

పాత కవిసమయాలు వాడుకతప్పిన చోట కొత్తవి పుట్టాయి. నేటి పత్రికా రచనలో శీతకాలపు పక్షులన్నీ ‘సైబీరియా పక్షులు’. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోని గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నేలపట్టు, తేలినీలాపురం కొలనులలోనివి కూడా ఆ మాటకిందికే వస్తున్నాయి. ఆ పక్షులు అక్కడి చెట్లపై గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుతున్నాయి. పక్షికి పిల్లలను పెంచే చోటే స్వస్థలం. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకు చెందిన జాతులు. సైబీరియాతో వాటికి సంబంధం లేదు. ఇంటి ఆడపడుచును విదేశీ అతిథి అన్నట్లుంది ఈ వ్యవహారం. అదే పత్రికలలో ఫ్లెమింగోకు రాజహంస అనే పేరు కూడా స్థిరపడుతున్నది. రాజశేఖరుడు చెప్పిన లక్షణం దీనికి అక్షరాలా సరిపోతుంది. ఒకచోట నిజమైనది దేశకాలాలు మారినా అట్లాగే నిబంధింపబడుతున్నది. తేడా ఒక్కటే. ప్రాచీనులు అది సమయమని ఎరిగి వాడారు, మనం వార్త అనుకొని వాడుతున్నాము.

వాడరేవు తీరంలో పరిస్థితి ఇందుకు విలోమంగా ఉంది. కార్తికంలో ఇక్కడి ఒడ్డున, వలల చుట్టూ ఎగిరే తెల్లని పక్షులలో ఆంగ్లంలో గోధుమవన్నె తల గల్ అనే జాతి ఉంది. ఈ వ్యాసరచనకై చేసిన క్షేత్రపరిశీలనలో చేపల రాశుల దగ్గర అది కాకులతో పోటీపడడం చూశాను. ఈ పక్షి టిబెట్టు పీఠభూమి, మధ్యాసియాలలోని ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లలను పొదిగి, శీతకాలానికి మన తీరాలకు వస్తుంది. అంటే మానస సరోవర ప్రాంతంనుండి శరత్తులో దిగివచ్చే తెల్లని నీటిపక్షి అనే హంస లక్షణం ఈ తీరంలో సార్థకమైనది దీనియందే. దానికి కావ్యంలో చోటులేదు. వ్యాప్తిలో ఉన్న తెలుగు పేరు కూడా లేదు. ఆంగ్లనామాన్ని అనువదించుకొంటే సరిపోతుందనుకోవడం మరొక పొరపాటు. తలపై గోధుమవన్నె సంతానకాలానిది. శీతకాలంలో అది పోయి, చెవి దగ్గర నల్లని మచ్చ మాత్రం మిగులుతుంది. ఆ ఆంగ్లనామం సరస్సు ఒడ్డున చూసినవారి మాట. వాడరేవులో చూసేవారికి అది అబద్ధం. పేరు కూడా దేశకాలాలకు లోబడినదే.

ఉపసంహారం

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. కవిసమయం పరిశీలనకు విరోధి కాదు, అది వేరొక దేశకాలాలలో జరిగిన పరిశీలన. తెలుగు కవులలో ఉత్తములు దానిని విడిచిపెట్టి గొప్పవారు కాలేదు. రాయలు దానిలోని పాత్రలతోనే కొత్తచూపును సాధించాడు. జాషువ దాని చట్రంలోనే హంస చేరలేని వాకిలిని తెరిచాడు. తెలుగు సాహిత్యానికి జరిగిన నష్టం లేని హంసను వర్ణించడంవల్ల కలిగినది కాదు, ఉన్న పక్షిని చెప్పకపోవడంవల్ల కలిగినది. ఆ నష్టంలో కవులతో పాటు నిఘంటుకారులకు, వ్యాఖ్యాతలకు, విమర్శకులకు కూడా భాగం ఉంది.

దీనినుండి తెలుగుశాఖలకు ఒక కర్తవ్యం ఏర్పడుతున్నది. ప్రాచీన కావ్యాల కొత్త సవ్యాఖ్యాన ముద్రణలలో పక్షినామాల ఎదుట ‘పక్షివిశేషము’ అని వదిలివేయకుండా జాతిని, రాకపోకల కాలాన్ని, ప్రాంతీయ నామాలను నిర్ణయించి చేర్చాలి. మత్స్యకారులు, పశువుల కాపరులు, పత్తి మిరప చేలలో పనిచేసే స్త్రీలు నేటికీ పలికే పేర్లను, వాటిని పలికే వృద్ధులు ఉన్నప్పుడే, మాండలిక పరిశోధనలో భాగంగా సేకరించాలి. పేరు సేకరించేటప్పుడు పక్షిని కూడా చూపించమని అడగాలి. లేనిచో మరొక ‘పక్షివిశేషము’ మాత్రమే మిగులుతుంది. రాయల పద్యంలో బట్టకూ బాతుకూ భేదం ఎరిగినవారు చేనిగట్టుమీద ఉన్నారు. పండితులు ఆ గట్టుదాకా వెళ్లి అడిగితే, ఆ నవ్వుకు గురికాకుండా దానిలో పాలుపంచుకోవచ్చు.